సర్దార్ జుట్టు నాందేడ్ చేరిన రోజు

సౌదీలోని జుబైల్‌లో మా క్యాంపులో శుక్రవారం పొద్దున క్షవరాలు చేసేది నేనే. వారమంతా ప్లాంటులో స్కాఫోల్డింగ్ కట్టడం నా పని. సెలవు రోజు మాత్రం గది బయట ఖాళీ పెయింటు డబ్బా బోర్లించి, మెషీన్ పట్టుకుని నిలబడతాను. బజారులో షాపుకు వెళ్తే అక్కడివాడు ఎవడికైనా ఒకటే కటింగ్ చేస్తాడు. నేనూ అంతే అనుకోండి, కాకపోతే నన్ను తిట్టొచ్చు.

ఆ డబ్బా మీద ఎప్పుడూ కూర్చోనివాడు ఒక్కడే, మా గదిలో నా ఎదురు మంచం మనిషి. పంజాబ్ నుంచి వచ్చిన పైప్ ఫిట్టర్. అందరం సర్దార్ అనే పిలిచేవాళ్లం. ముందు దమ్మామ్‌లో, తర్వాత జుబైల్‌లో, కలిపి ఆరేళ్లు ఒకే గదిలో ఉన్నాం. ఇద్దరం మాట్లాడుకునేది హిందీ. అతనిది పంజాబీ కలిసిన హిందీ, నాది దేవుడికే తెలియాలి. శుక్రవారం తలస్నానం చేసి, నడుము దాకా ఉన్న జుట్టును ఏసీ డబ్బా బయటికి వదిలే వేడిగాలికి ఆరబెట్టుకునేవాడు. జడ వెయ్యనా అని మేం ఆట పట్టిస్తే, మా తలలు కోసిన వరిమడుల్లా ఉన్నాయని తిరిగి అంటించేవాడు.

దమ్మామ్ యార్డులో పని చేసినన్నాళ్లు అతని తలపాగాతో, గడ్డంతో ఎవరికీ పేచీ లేదు. యార్డు మూసేసి మమ్మల్ని జుబైల్‌లో గ్యాస్ యూనిట్ షట్‌డౌన్‌కు, అంటే యూనిట్ ఆపి చేసే మరమ్మతులకు, తెచ్చాక వచ్చింది చిక్కు. అక్కడ గ్యాస్ లీకైతే పెట్టుకోవడానికి ప్రతివాడికీ ఒక మాస్క్ ఉంటుంది. అది ముఖానికి అతుక్కుని కూర్చోవాలి. మధ్యలో వెంట్రుకలుంటే సందుల్లోంచి గ్యాస్ దూరుతుంది. అందుకని పరీక్ష పెడతారు. మాస్క్ తొడిగి, తల మీద సంచిలాంటిది కప్పి, దాన్లోకి చేదు మందు కొడతారు. నాలుకకు చేదు తెలిస్తే ఫెయిల్. సర్దార్‌కు రెండుసార్లూ చేదు తెలిసింది. మూడోసారి కూడా అంతే అయితే ఫైనల్ ఎగ్జిట్, సామాను సర్దుకుని ఇంటికి పోవడమేనని సేఫ్టీ ఆఫీసర్ చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు. ఆయన్ని తిట్టుకుందామన్నా కారణం దొరకలేదు.

ఆ శుక్రవారం అందరి క్షవరాలూ అయ్యాక సర్దార్ వచ్చి డబ్బా మీద కూర్చున్నాడు. వేళాకోళం అనుకున్నాను. అతను తలపాగా విప్పి, ఆ నీలం గుడ్డను ఒళ్లో పరుచుకుని, నెత్తిన ముడి విప్పాడు. గడ్డం ఎంత తీయాలని అడిగితే మొత్తం అన్నాడు. మరి తల అంటే అదీ అన్నాడు. మాస్క్‌కు తలతో పనిలేదు కదా అన్నాను. గడ్డం పోయాక ఇది ఎవరికి చూపించడానికని నన్నే అడిగాడు.

ఇక్కడ నా బుర్ర సంగతి కొంచెం చెప్పుకోవాలి. సర్దార్లు జుట్టు తీయరని నాకూ తెలుసు. అయితే మా వైపు పిల్లల పుట్టువెంట్రుకలు తీయకుండా ఏళ్ల తరబడి పెంచి, మొక్కున్న దేవుడి దగ్గరికి తీసుకెళ్లి అక్కడే తీయిస్తాం. అప్పటిదాకా మగపిల్లాడు కూడా రెండు జడలతో బడికి వెళ్తాడు, ఎవరూ నవ్వరు. పెంచేదే ఇవ్వడానికి. సర్దార్లదీ అలాంటిదే, కాకపోతే మనకంటే పెద్ద మొక్కు అయ్యుంటుందని ఎప్పుడో చిన్నప్పుడు అనుకున్నాను. అనుకున్నాక ఇక ఎవరినీ అడగలేదు, ఆరేళ్లు ఎదురుగా పడుకున్న మనిషిని కూడా. ఆ రోజు అతను ఒక్క వెంట్రుక నేల మీద పడకుండా గుడ్డలో పట్టుకుంటుంటే నాకున్న కాస్త అనుమానం కూడా తీరిపోయింది. ఉద్యోగం కోసమైనా సరే, దేవుడికి చెప్పుకునే ఇస్తున్నాడు అనుకున్నాను. నిజం చెప్పాలంటే సంతోషం వేసింది. తూర్పుకు తిరిగి కూర్చోమన్నాను. అతను గోడవైపు తిరిగి కూర్చున్నాడు. నేను మా వేములవాడ రాజన్నను తలుచుకుని కత్తెర పెట్టాను.

మూడో పరీక్షలో చేదు తెలియలేదు. పని నిలబడింది. ఆ రోజు రాత్రికి బిర్యానీ తెప్పిద్దామన్నాను కానీ సర్దార్ ఆకలి లేదన్నాడు. నీలం మూట అతని దిండు కింద చేరింది. అప్పటి నుంచి వాళ్లమ్మతో వీడియోలో మాట్లాడటం మానేశాడు. ఫోన్ కెమెరా పాడైందని చెప్పాడట. నెలలు గడిచినా ఆ కెమెరా బాగుపడలేదు, ఆమె కూడా అడగడం మానేసినట్టుంది. శుక్రవారం పూట పొట్టి జుట్టు మీదే తలపాగా చుట్టుకుని కాసేపు కూర్చుని, మళ్లీ విప్పేసేవాడు. నాకు అర్థమయ్యేది కాదు. మొక్కు తీర్చుకున్నవాడు ఇంత దిగులుగా ఎందుకుంటాడు?

ఈ ఏడు నాకు రెండు నెలల సెలవు వచ్చింది. వెళ్లి తిరిగి రావడానికిచ్చే ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా చేతికొచ్చిన రోజు సర్దార్ ఆ మూట తెచ్చి నా పెట్టె మీద పెట్టాడు. మా ఊరు నిజామాబాద్ దగ్గర. అక్కడి నుంచి నాందేడ్ రైల్లో మూడు గంటలు కూడా పట్టదు. అక్కడే వాళ్ల పదవ గురువు చివరి రోజులు గడిపిన హజూర్ సాహిబ్ గురుద్వారా ఉంది. అంత దగ్గరుండి ఒక్కసారి కూడా చూడలేదా అని అతను ఇదివరకు నన్ను చాలాసార్లు కోప్పడ్డాడు.

"దీన్ని హజూర్ సాహిబ్‌కు చేర్చు భాయ్. ఏం చెయ్యాలో వాళ్లకు తెలుసు," అన్నాడు. మూట ముడి ఇంకోసారి బిగించి, "నేను మళ్లీ లోపలికి రావచ్చా అని అడుగు. అదొక్కటే," అన్నాడు.

ఎవడైనా రావచ్చు కదా, అందులో అడగడానికేముందని నేనన్నాను. అతను జవాబివ్వలేదు. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే అనుకునే అలవాటు నాది.

దమ్మామ్ ఎయిర్‌పోర్టులో పెట్టె స్కానర్ లోంచి వెళ్తుంటే జవాబు వెతుక్కున్నాను. ఇదేమిటని అడిగితే ఏ భాషలో ఏం చెప్పాలి? మనిషి జుట్టు, నాది కాదు, దేవుడికి అని చెప్తే వింటారా? ఎవరూ అడగలేదు. ఇంటికి చేరాక నా తల వంతు వచ్చింది. ప్లాంటులో గ్యాస్ అంటే ఏమిటో ఫోన్లో చెప్పిన పాపానికి, నేను క్షేమంగా వస్తే తలనీలాలు ఇప్పిస్తానని మా ఆవిడ రాజన్నకు మొక్కుకుంది. మొక్కు ఆమెది, తల నాది. వేములవాడలో గుండు చేయించుకుని, దాని మీద గంధం ఆరకముందే మర్నాడు ఇద్దరం నాందేడ్ రైలెక్కాం. మూట మా ఆవిడ ఒళ్లో ఉంది. బాసర దగ్గర గోదావరి బ్రిడ్జి వస్తే కిటికీలోంచి చిల్లర వేసి, దాన్ని కూడా ఒకసారి నీళ్లకు చూపించి దండం పెట్టింది.

నాందేడ్‌లో దిగాక ఆటో అతను ఏ గురుద్వారా అని అడిగాడు. ఒక్కటే ఉంటుందనుకుని వచ్చినవాణ్ని, ఏం చెప్పాలి? అన్నీ చూపిస్తానని అతనే నిర్ణయించేశాడు. ముందు గోదావరి ఒడ్డున ఒక ఘాట్‌కు తీసుకెళ్లాడు. ఎవరో భక్తుడు ఎంతో విలువైన రత్నం తెచ్చి ఇస్తే గురువు దాన్ని నదిలోకి విసిరేసిన చోటట. తెల్లటి గుడి, చల్లటి పాలరాయి, కింద బురద రంగు నీళ్లు. అంత విలువైనదాన్నే నీళ్లలో వేసిన చోటు కదా, ఇక్కడే వెయ్యాలేమోనని మూట తీశాను. హజూర్ సాహిబ్ అని చెప్పాడు కదా, ఇది హజూర్ సాహిబ్ అవునా కాదా అని మా ఆవిడ అడిగింది. ఆటో అతను కాదన్నాడు. మళ్లీ మూట కట్టాను. పక్కనే ఇంకో ఘాట్. అక్కడ తపస్సు చేసుకునే ఒక బైరాగి గురువుకు శిష్యుడై, జపమాల వదిలి కత్తి పట్టి యుద్ధానికి వెళ్లాడట. అక్కడ కూడా మూట తీశాను, మళ్లీ కట్టాను. మూడో చోటికి వచ్చేసరికి ఏ గురుద్వారాలో ఏం జరిగిందో నా బుర్రలో కలగాపులగం అయిపోయింది. ప్రతి చోటా ప్రసాదం పెట్టారు, ప్రతి చోటా కూర్చోమన్నారు, ఎవరూ ఎందుకొచ్చారని అడగలేదు.

అసలు హజూర్ సాహిబ్‌కు వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. చెప్పులు విడిచి, కాళ్లు తడుపుకుని లోపలికి అడుగు పెడుతుంటే గుమ్మం దగ్గర సేవకు నిలబడ్డ సేవాదార్, నీలం తలపాగా, నడుముకు కత్తి, నా గుండు మీద నారింజ రంగు గుడ్డ కట్టాడు. గుండును చూసి ఏమీ అనలేదు. లోపల బంగారు రేకుల తలుపులు, ఒక చిన్న గది. దానిలోకి పెద్ద పూజారి తప్ప ఎవరూ వెళ్లరట. గురువు కత్తులు, బాణాలు అందులోనే ఉంటాయని, రోజూ పొద్దున్నే గోదావరి నుంచి బిందెతో నీళ్లు తెచ్చి కడుగుతారని, సాయంత్రం దీపాలతో ఆరతి ఇస్తారని పక్కన నిలబడ్డాయన చెప్పాడు. బిందెతో నీళ్లు, ఆరతి, గర్భగుడి. నాకు కొండంత ధైర్యం వచ్చింది. అంతా మన పద్ధతే, ఇంతసేపూ అనవసరంగా కంగారు పడ్డాను అనుకున్నాను.

జనం ముందుకు వెళ్లి, తల నేలకు ఆనించి, తోచింది పెట్టి వస్తున్నారు. నా వంతు రాగానే నేనూ తల ఆనించి, మూట ముడి విప్పి, జుట్టు కనిపించేలా అక్కడ పెట్టాను. చేతులు జోడించి, అందరికీ వినిపించేలాగే, "మా సర్దార్ తన తలనీలాలు పంపాడు," అని హిందీలో చెప్పాను.

నా వెనక ఉన్న ఆడమనిషి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. సేవాదార్ పరుగున వచ్చి రెండు చేతులతో ఆ గుడ్డను మూసి పైకెత్తాడు. చచ్చిన పిట్టను ఎత్తినట్టు ఎత్తాడు. ఎవరూ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది. ఏం తప్పు చేశానో తెలియకుండా అంతమంది ముందు నిలబడటం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. అతను నా భుజం పట్టుకుని పక్కకు, వరండాలోకి నడిపించాడు. తిరిగి చూస్తే మా ఆవిడ కనిపించలేదు.

వరండాలో తెల్లగడ్డం పెద్దాయన ఒకాయన ఏదో చదువుకుంటున్నాడు. సేవాదార్ ఆయన చెవిలో చెప్పి మూట ఇచ్చి వెళ్లిపోయాడు. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని, చదువుతున్న పుస్తకం మూసి పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా నాకు చెప్పాడు. గురువు ఇచ్చిన ముద్ర అది, వాళ్లకు జుట్టు ఇవ్వాల్సింది కాదు, ప్రాణం పోయినా కాపాడుకోవాల్సింది. తీసెయ్యడమంటే ఆయనకు దూరంగా జరగడమే.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. మా ఊళ్లో మనిషి దేవుడికి ఇవ్వగలిగినదాంట్లో ఇదే పెద్దదని, నిన్ననే నేనూ ఇచ్చానని, గుడ్డ తొలగించి నా గుండు చూపించబోయాను. గుమ్మంలో కట్టిన గుడ్డ అది, తీయొచ్చో లేదో తెలియక చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆయన నా చెయ్యి పట్టుకుని కిందికి దించాడు.

"ఎవరు కోశారు?" అని అడిగాడు.

"నేనే, బాబాజీ."

"ఏడ్చాడా?"

"లేదు. గోడవైపు తిరిగి కూర్చున్నాడు."

"అయితే నువ్వు ముఖం చూడలేదన్నమాట," అన్నాడు.

చూడలేదు. తల వెనక నిలబడి, సంతోషంగా, రాజన్నను తలుచుకుంటూ కోశాను. గోడవైపు ఎందుకు తిరిగాడో, బిర్యానీ ఎందుకు వద్దన్నాడో, వాళ్లమ్మకు కెమెరా ఎందుకు చెడిపోయిందో అన్నీ ఒక్కసారే మీదపడ్డాయి. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ వరండాలో కూర్చుని, ముక్కూ మొహం తెలియని ముసలాయన ముందు ఏడ్చాను. నేను కొయ్యకపోతే ఇంకెవరో కోసేవాళ్లు, నిజమే. అయినా కోసింది నేను.

కాస్త తేరుకున్నాక సర్దార్ అడగమన్న మాట అడిగాను, మళ్లీ లోపలికి రావచ్చా అని.

"తలుపు మూసింది లేదు," అన్నాడు పెద్దాయన. "కానీ నువ్వు వచ్చి అడిగితే కాదు పుత్తర్. ఇక పెంచుకుంటానని మనసులో గట్టిగా అనుకుని, అతనే వచ్చి, గురువు తరఫున కూర్చునే ఐదుగురి ముందు నిలబడి చెప్పుకోవాలి."

పెంచుకుంటే పని పోతుంది, పని పోతే ఏం చేస్తాడని అడిగాను. అది తనకు తెలియదన్నాడు. తెలిసినట్టు మాట్లాడనందుకు నాకు ఆయన మీద గౌరవం కలిగింది. మూటను తామే చూసుకుంటామన్నాడు. నిప్పులో వేస్తారో, గోదాట్లో కలుపుతారో నేను అడగలేదు. తర్వాత, అతని కోసం అర్దాస్ చేయిస్తాను, లోపల ప్రార్థనలో పేరు చెప్పాలి, నీ దోస్తు పేరేమిటన్నాడు.

ఆరేళ్లు. అతను ఏ కూరలో ఎంత కారం తింటాడో తెలుసు, ఏ కాలికి వాతం నొప్పో తెలుసు. పేరు తెలియదు. సౌదీ వాళ్లిచ్చే ఇఖామా కార్డు మీద ఉంటుంది, ఎప్పుడూ చూడలేదు. జుబైల్‌కు ఫోన్ చేశాను. అతను షిఫ్టులో ఉన్నాడు; ప్లాంటు లోపలికి ఫోన్లు రానివ్వరు, మోగి మోగి ఆగిపోయింది. మా క్యాంపులో అందరం సర్దార్ అనే పిలుస్తామని చెప్పాను. పెద్దాయన తల ఊపాడు. కాసేపటికి లోపల ప్రార్థన చదివినప్పుడు, అరబ్బు దేశంలో ఉన్న ఒక సేవకుడు అన్న ముక్క నాకు అర్థమైంది. అంతే, పేరు లేకుండా.

మా ఆవిడ కోసం వెతికితే, అందరికీ అన్నం వండి పెట్టే లంగర్‌లో దొరికింది. వరసగా కూర్చున్న పంజాబీ ఆడవాళ్ల మధ్య, ఒక్క ముక్క భాష తెలియకుండా, గంట నుంచి రొట్టెలు ఒత్తుతోంది. నేను అక్కడ పరువు పోగొట్టుకుంటుంటే నువ్విక్కడ రొట్టెలు చేస్తున్నావా అని విసుక్కున్నాను. నా ముఖం చూసి ముందు తినమంది. తిరుగు రైల్లో అంతా చెప్పి, ఇప్పుడు నేను తప్పు చేసినట్టా, చేయనట్టా అని అడిగాను.

"కోసుడు తప్పు గాదు, ఆయననే కొయ్యమన్నడు గదా," అంది. "గని ఒక్కమాట అడుగకపోతివి. ఏందన్నా, ఎందుకన్నా అని అడిగితె నీ నోట్లకెళ్లి ముత్యాలు రాలుతుండెనా?"

బాసర బ్రిడ్జి మీద ఈసారి ఎవరం దండం పెట్టలేదు.

సెలవు అయిపోయి క్యాంపుకు చేరేసరికి తెల్లవారుతోంది. గదిలో మిగతావాళ్లు ఇంకా లేవలేదు. సర్దార్ మాత్రం షిఫ్టుకు తయారవడానికి లేచి మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను విమానంలో రెండు జవాబులు తయారు చేసుకున్నాను, ఒకటి ఉన్నది, ఇంకొకటి అతనికి నచ్చేది. అతను ఏమన్నారని అడగ్గానే ఉన్నదే బయటికి వచ్చింది. జుట్టును గురువు ముందు పరిచి నేను చేసిన ఘనకార్యం కూడా దాచలేదు. కోప్పడతాడనుకున్నాను. తల వంచుకుని విన్నాడు. ఐదుగురి ముందు నిలబడాలన్న మాట దగ్గర మాత్రం, అది నాకు తెలుసు అన్నాడు.

తెలిస్తే నన్నెందుకు అడగమన్నావని నాకు ఒళ్లు మండింది.

"ఇంకేమైనా దారి చెప్తారేమోనని," అన్నాడు. "నువ్వు వెళ్లాక కంపెనీ వాళ్లు పిలిచారు. ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టాను భాయ్. ఇంటికెళ్లి ఏం చెయ్యను?"

నేనూ సెలవుకు ముందే అలాంటి కాగితం మీద సంతకం పెట్టి ఉన్నాను. చెప్పాల్సింది ఇంకొకటి ఉందని, అక్కడ ప్రార్థనలో నీ పేరు అడిగితే నాకు తెలియలేదని, పేరు లేకుండానే చదివారని చెప్పేశాను. అతను మొదటిసారి తలెత్తి నా వంక చూశాడు. తన పేరు చెప్పాడు. తండ్రి పేరు, ఊరు, జిల్లా చెప్పాడు. వచ్చే సెలవుకు వెళ్లినప్పుడు ఇది చెప్పు అన్నాడు. నువ్వే వెళ్లాలన్నారు కదా అంటే, నేను వెళ్లేదాకా నువ్వు చెప్తూ ఉండు అన్నాడు.

నన్ను తిరిగి చెప్పమన్నాడు. మొదటిసారి తప్పు పలికితే దిద్దాడు. రెండోసారి తండ్రి పేరు దగ్గర తడబడ్డాను. మూడోసారి అంతా సరిగ్గా చెప్పాను. అతను సరే అని, బస్సుకు ఇంకా ఇరవై నిమిషాలే ఉందంటూ తువ్వాలు భుజాన వేసుకుని, గడ్డం గీసుకోవడానికి వెళ్లాడు.